గాలికి అడ్డం బట్ట కాదు, ఇరుకు
ఐటీబీ ఇంజిన్లకు ఎయిర్ ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు వినకూడని ఏడు సలహాలు

సిలిండర్‌కో థ్రాటిల్ బాడీ ఉన్న ఇంజిన్‌ను తయారు చేసుకునేవాళ్లు థ్రాటిల్‌కు గాలి అందించే ట్రంపెట్ గొట్టం పొడవు దగ్గర మిల్లీమీటర్లు చూస్తారు, కామ్ టైమింగ్ దగ్గర డిగ్రీలు చూస్తారు. ఎయిర్ ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం గ్యారేజీలో ఎవరో అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాటల్లో చాలావరకు తప్పు. వాటిని నమ్మి లక్షలు పోసిన ఇంజిన్‌ను నాలుగు నాళ్లకే బోరుకు తెచ్చుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఆ సలహాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఎక్కడ తప్పో, బదులుగా ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఇంజిన్ సంగతి. మామూలు కారులో అన్ని సిలిండర్లకూ కలిపి ఒకటే థ్రాటిల్. ఇండివిడ్యువల్ థ్రాటిల్ బాడీలున్న ఇంజిన్‌లో, అంటే ఐటీబీ ఇంజిన్‌లో, ప్రతి సిలిండర్‌కూ సొంత థ్రాటిల్ ఉంటుంది. అది వాల్వుకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ తొక్కీ తొక్కకముందే పికప్ అందుతుంది. బీఎండబ్ల్యూ తొలి ఎం3కి నాలుగు, ఈ46 ఎం3కి ఆరు, ఆ తర్వాతి వీ8 ఎం3కి ఎనిమిది. టొయోటా 1991లో ఏఈ101 లెవిన్, ట్రూనో కార్లతో తెచ్చిన 20 వాల్వుల 4ఏ-జీఈ ఇంజిన్‌కు నాలుగు. మన రోడ్ల మీద తిరిగే నాలుగు సిలిండర్ల సూపర్ బైకులన్నీ ఈ జాతివే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్‌కూ రెండు సిలిండర్లకు రెండు థ్రాటిల్ బాడీలు ఉన్నాయి.

వీటిని తయారుచేసిన ఏ కంపెనీ కూడా ట్రంపెట్‌కో ఫిల్టర్ తొడగలేదు. అన్ని ట్రంపెట్లనూ ఒకే పెట్టెలో, అంటే ఎయిర్ బాక్సులో, పెట్టి, ఆ పెట్టెకు పెద్ద ఫిల్టర్ ఇచ్చాయి. ఖర్చు కలిసొస్తుందని మాత్రమే అలా చేశారనుకుంటే పొరపాటు. గాలికి నిజమైన అడ్డం ఫిల్టర్ బట్ట కాదు, ట్రంపెట్ చుట్టూ ఉండే ఇరుకు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కింది ఏడు సలహాలూ ఎందుకు నిలబడవో మీకే తెలుస్తుంది.

1. “రేసు ఇంజిన్‌కు ఫిల్టర్ ఎందుకు? పవర్ తినేస్తుంది, తీసెయ్”

తింటుంది, నిజమే. ఎంత తింటుందని అడగాలి. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. ఫుల్ థ్రాటిల్‌లో ఫిల్టర్ ఒక కిలోపాస్కల్ మింగితే ఇంజిన్‌కు అందే గాలి సుమారు ఒక శాతం తగ్గుతుంది. 1995లో ఏఈ111తో వచ్చిన 4ఏ-జీఈ ‘బ్లాక్‌టాప్’ ఇంజిన్ 7,800 ఆర్‌పీఎమ్ దగ్గర ఇచ్చేది 165 హార్స్‌పవర్. అందులో ఒక శాతం అంటే ఒకటిన్నర. సరైన సైజు ఫిల్టర్ శుభ్రంగా ఉంటే నష్టం ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఆ ఒకటిన్నర హార్స్‌పవర్ కోసం లోపలికి ఏం పంపుతున్నారో చూడండి. రోడ్డు దుమ్ములో ఉండేది ఎక్కువగా ఇసుకే. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్ మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7. పోత ఇనుముతో చేసిన సిలిండర్ గోడ అంతకంటే మెత్తన. చేటు చేసేది కంటికి కనిపించే రాయి కాదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, అందులో ఐదో వంతు, పదో వంతు ఉండే నలుసులే ఆయిల్ పొరలోకి దూరి రింగులనూ గోడనూ అరగదీస్తాయి. కంప్రెషన్ పడిపోయాక, పొగ కొట్టడం మొదలయ్యాక పోయేది ఒకటిన్నర హార్స్‌పవర్‌తో ఆగదు.

ఐటీబీకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. థ్రాటిల్ ప్లేటుకూ బోరుకూ మధ్య సందు చాలా సన్నం. అక్కడ ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే ప్లేటు పూర్తిగా మూసుకోదు. మలుపు ముందు కాలు తీసినా ఇంజిన్ లాగుతూనే ఉంటుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ కావచ్చు, ఎర్రమట్టి ర్యాలీ స్టేజీ కావచ్చు, గ్రానైట్ లారీలు తిరిగే ఊరి రోడ్డు కావచ్చు, ఫిల్టర్ లేకుండా ఐటీబీ ఇంజిన్ నడపకండి.

2. “జాలీ వేస్తే చాలు”

ట్రంపెట్ మూతికి బిగించే స్టీలు జాలీ కన్నం మామూలుగా అర మిల్లీమీటరు పైనే ఉంటుంది. అంటే 500 మైక్రాన్లు. రాళ్లు, నట్లు, ఎండుటాకులు ఆగుతాయి. మనం పైన చెప్పుకున్న దుమ్ము దర్జాగా దాటిపోతుంది. పైగా తీగ సరిగ్గా మూతి మీదే ఉంటుంది కాబట్టి, గాలి నున్నగా లోపలికి మళ్లాల్సిన చోటే చెదురుతుంది. జాలీ ఫిల్టర్ కాదు. వేస్తే ఎయిర్ బాక్స్ బయటి నోటికి, రాళ్ల నుంచి రక్షణగా వేయండి.

3. “ట్రంపెట్‌కో ఫిల్టర్ వెయ్, నాలుగు ఫిల్టర్లంటే నాలుగింతల గాలి”

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేదీ, చాలా పవర్ పోగొట్టేదీ ఈ సలహానే. లెక్క చేసి చూద్దాం.

1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ 8,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉందనుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి 1.6 లీటర్లు పీలుస్తుంది. నిమిషానికి 6,400 లీటర్లు, సెకనుకు సుమారు 107 లీటర్లు. నాలుగు ట్రంపెట్లకు పంచితే ఒక్కోదానికి సెకనుకు 27 లీటర్లే కదా, చిన్న ఫిల్టర్ చాలదా అనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే.

ఒక సిలిండర్ ఎప్పుడూ పీలుస్తూ ఉండదు. రెండు చుట్లలో, అంటే 720 డిగ్రీల్లో, పిస్టన్ కిందికి దిగుతూ గాలి లాగేది 180 డిగ్రీల పాటే. 8,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ సమయం 3.75 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో 400 సీసీ గాలి లోపలికి రావాలి. అదే వేగం సెకను పాటు సాగితే 107 లీటర్లు. అంటే పీల్చే ఆ క్షణంలో ఒక్క సిలిండర్ లాగే జోరు, మొత్తం ఇంజిన్ సగటున లాగే జోరుతో సమానం. పిస్టన్ స్ట్రోకు నడుమ ఇంకా వేగంగా దిగుతుంది కాబట్టి అక్కడ అంతకు మించి ఉంటుంది. మిగతా మూడొంతుల సమయం ఆ ఫిల్టర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది.

ఇప్పుడు నాలుగు ట్రంపెట్లనూ ఒకే పెట్టెలో పెట్టండి. నాలుగు సిలిండర్లూ 180 డిగ్రీల తేడాతో వంతులవారీగా పీలుస్తాయి. ఒకటి ఆపగానే ఇంకొకటి అందుకుంటుంది. ఫిల్టర్ నుంచి గాలి ఇంచుమించు ఆగకుండా, ఒకే తీరుగా వస్తుంది. ఫిల్టర్ మొత్తం వైశాల్యం ప్రతి క్షణం పనిచేస్తుంది. వైశాల్యం అంతే ఉన్నా, నాలుగు ముక్కలుగా ట్రంపెట్లకు తొడిగితే ఇరుకు, ఒకే పెట్టెకు ఇస్తే విశాలం.

రెండో నష్టం ఇంజిన్ నడిచే కొద్దీ బయటపడుతుంది. నాలుగు ఫిల్టర్లు ఒకేలా మాయవు. రేడియేటర్ ఫ్యాన్ గాలి తగిలేది ఒకటి, చక్రం మట్టి కొట్టేది ఇంకొకటి. ఎక్కువగా మూసుకుపోయినదాని సిలిండర్‌కు గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే అందులో పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఎగ్జాస్ట్‌లో నాలుగు గొట్టాలు కలిసిన చోట ఉండే ఒకే ఒక్క ల్యాంబ్డా సెన్సర్‌కు కనిపించేది నాలుగింటి సగటు. ఆ సగటును సరిచేయబోయి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ, అన్ని సిలిండర్లకూ పెట్రోలు తగ్గిస్తుంది. అప్పుడు బాగున్న మూడూ లీన్ వైపు, అంటే పెట్రోలు తక్కువ వైపు, జరుగుతాయి. ఒక పిస్టన్ ఎందుకు కాలిందో తెలియక తల పట్టుకునే చోట ఇలాంటి కారణం దాగి ఉండవచ్చు.

చోటు లేక ట్రంపెట్‌కో ఫిల్టర్ తప్పదనుకుంటే, ఒక్కో ఫిల్టర్ దాదాపు మొత్తం ఇంజిన్‌కు సరిపోయేంత సైజులో ఉండాలని గుర్తుపెట్టుకోండి. అంత చోటే ఉంటే పెట్టెకూ చోటు ఉన్నట్టే.

4. “సాక్ తొడిగి క్లాంపు బిగించెయ్, మూతికి ఆనుకుంటే ఏం కాదు”

ట్రంపెట్ మూతి ఊరికే అందానికి విచ్చుకుని ఉండదు. గాలి ముందు నుంచే కాదు, పక్కల నుంచీ, అంచు వెనక నుంచీ వచ్చి ఆ వంపు మీదుగా జారి లోపలికి పోతుంది. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ బ్లెయిర్ ఈ మూతి వంపు ఆకారం మీదే పరిశోధన చేశారు. అంత శ్రద్ధ పెట్టాల్సిన వంపును ఫోమ్ సాక్‌తో బిగించి చుట్టేస్తే, గాలి రావలసిన పక్కదారులన్నీ మూసుకుపోతాయి.

ఎంత దూరం వదలాలి? మూతికి ఎదురుగా గోడ ఉంటే, గాలి ఆ రెంటి మధ్య సందులోంచే రావాలి. ఆ సందు ట్రంపెట్ వ్యాసంలో నాలుగో వంతు ఉంటే, చుట్టూ ఉన్న దారి వైశాల్యం సరిగ్గా గొట్టం వైశాల్యంతో సమానమవుతుంది. 45 మిల్లీమీటర్ల బోరుకు అది 11 మిల్లీమీటర్లు. గాలి తొంభై డిగ్రీలు మళ్లాలి కాబట్టి అది బొటాబొటి కూడా కాదు. సగం వ్యాసం కనీసం, ఒక పూర్తి వ్యాసం ఉంటే మంచిది. బానెట్ మూసినప్పుడు ఉండే దూరమే లెక్క. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుందన్న సంగతి కూడా చూసుకోండి.

సాక్‌తో ఇంకో ముప్పుంది. వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసింగ్ కామ్ వేసిన ఇంజిన్‌లో, కొన్ని ఆర్‌పీఎమ్‌ల దగ్గర గాలి కాసేపు వెనక్కి తంతుంది. దాంతో పాటు పెట్రోలు తుంపర బయటికొచ్చి ట్రంపెట్ మూతి ముందు పొగమంచులా నిలబడుతుంది. ట్యూనర్లు దీన్నే స్టాండాఫ్ అంటారు. ఆ తుంపర నిలిచే చోటే ఫోమ్ ఉంటే అది పెట్రోలుతో తడుస్తుంది. అప్పుడు ఇంజిన్ పరిస్థితి ముక్కుకు తడిబట్ట కట్టుకుని పరుగెత్తినట్టే. పైగా ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు, ఆ ఫోమ్ అంటుకోవడానికి. మంటకు తట్టుకునే ఫోమే కొనండి, మూతికి దూరంగా పెట్టండి, కారులో మంటలార్పే సిలిండర్ ఉంచండి.

5. “ముందు ట్యూన్ చేయించు, ఫిల్టర్ సంగతి తర్వాత చూద్దాం”

ఐటీబీ ఇంజిన్‌లో మానిఫోల్డ్ వ్యాక్యూమ్ బలహీనంగా, ఊగిసలాడుతూ ఉంటుంది. అందుకే చాలా ట్యూనింగుల్లో ఈసీయూ రెండే చూస్తుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఆర్‌పీఎమ్ ఎంత. దీన్ని ఆల్ఫా-ఎన్ అంటారు. ఇందులో గాలిని కొలిచే సాధనం లేదు. ఇంత థ్రాటిల్‌కు, ఇంత ఆర్‌పీఎమ్‌కు ఇంత గాలి వస్తుందని డైనో మీద రాసిపెట్టిన పట్టికను నమ్మడమే.

ఆ పట్టిక రాసినప్పుడు ట్రంపెట్లు బోసిగా ఉండి, తర్వాత మీరు పెట్టె బిగిస్తే పట్టిక అబద్ధమైపోతుంది. కొన్ని ఆర్‌పీఎమ్‌ల దగ్గర గాలి తగ్గి ఇంజిన్ రిచ్ అవుతుంది. పెట్టె తనదైన అలల్ని కలుపుతుంది కాబట్టి ఇంకొన్ని చోట్ల గాలి పెరిగి లీన్ అవుతుంది. ఫిల్టర్‌తో ట్యూన్ చేయించుకుని రేసు రోజు పొద్దున దాన్ని తీసేయడం ఇంకా ప్రమాదం. ఫుల్ థ్రాటిల్‌లో లీన్ అయితే నాకింగ్, నాకింగ్ ముదిరితే పిస్టన్‌కు చిల్లు.

2003లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్‌ను చూడండి. మామూలు ఎం3లో గాలిని కొలిచే మీటర్‌ను తీసేసి, పెద్ద కార్బన్ ఫైబర్ ఎయిర్ బాక్స్ పెట్టి, దానికి తగ్గట్టు ఈసీయూ పట్టికలు కొత్తగా రాశారు. కామ్‌ల మార్పు కూడా తోడై, 343 ఉన్న పవర్ 360కి పెరిగింది. పెట్టె, పట్టిక అక్కడ ఒకే పనిలో రెండు భాగాలు. మీరూ ఫిల్టర్‌నూ పెట్టెనూ మొదట బిగించండి, బానెట్ మూయండి, ఆ తర్వాతే డైనో ఎక్కండి.

6. “ఓపెన్‌గా ఉంచు, సౌండ్ వస్తే పవర్ వచ్చినట్టే”

ట్రంపెట్లు పీల్చే ఆ గర్జన ఎవరికైనా ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ చెవికి ఎక్కేది చప్పుడు, చక్రానికి ఎక్కేది చల్లగాలి. బానెట్ కింద తెరిచి ఉంచిన ఫిల్టర్ పీల్చేది ఎగ్జాస్ట్ వేడికి కాగిన గాలి. బయట 35 డిగ్రీలు ఉండి లోపల 65 ఉందనుకోండి. గాలి సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. పవర్ అంతగా పడకపోయినా, డైనో కరెక్షన్ లెక్కల ప్రకారం చూస్తే ఆ 9 శాతంలో దాదాపు సగం మేర పోతుంది. మన 165లో అది ఏడు హార్స్‌పవర్ పైమాటే. దానికి తోడు నాకింగ్ రాకుండా ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరపాలి. ఫిల్టర్ తింటుందని భయపడ్డ ఒకటిన్నర దీని ముందు ఎంత?

పెట్టెకు ముందు గ్రిల్ దగ్గర నుంచి వెడల్పాటి గొట్టం వేయండి. గాలి వేగంతో లోపలికి దూసుకొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. 160 కిలోమీటర్ల వేగంలో కూడా ఎదురుగాలి ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో ఒక శాతం చిల్లరే. ఆ గొట్టం పని చల్లదనం తేవడం. తెలంగాణ, రాయలసీమ వేసవిలో బయటి గాలే 45 డిగ్రీలకు చేరినప్పుడు ఆ పని విలువ ఇంకా పెరుగుతుంది.

7. “ఈ ఫిల్టర్ జీవితాంతం వస్తుంది, ఎయిర్ కొడితే చాలు”

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ఎయిర్ కొట్టడం మనకు అలవాటు. ఆ ఒత్తిడికి కాటన్ గాజ్ పోగులు విడిపోతాయి, పేపర్ ఫిల్టర్‌కు కంటికి కనపడని చీలికలు పడతాయి. ఫోమ్‌ను పెట్రోలుతో కడిగితే పొరల్ని అతికించిన జిగురు కరుగుతుంది. తయారీదారు చెప్పిన క్లీనర్‌తోనే కడగండి, నీడలో ఆరనివ్వండి, ఆ ఫిల్టర్‌కు చెప్పిన ఆయిలే పలచగా, సమంగా పట్టించండి. ఆయిల్ కారేలా పోస్తే అది లాక్కుపోయి థ్రాటిల్ ప్లేట్ల అంచుకు పడుతుంది. ఐడిల్‌లో గాలి వచ్చేది ఆ అంచు సందులోంచే. నాలుగింటికీ సమంగా కుదిర్చిన సింక్ అలా చెడిపోతుంది. ఇంజిన్ బ్రీదర్ గొట్టాన్ని కూడా పెట్టెలోకి వదలకండి, క్యాచ్ క్యాన్‌కు కలపండి.

మరి ఎలా ఎంచుకోవాలి?

పెట్టెతో మొదలుపెట్టండి. లోపలి పరిమాణం ఇంజిన్ సామర్థ్యానికి కొన్ని రెట్లు ఉండాలి. లీటరు సూపర్ బైకు ట్యాంకు ముందు భాగం కింద ఉండేది చాలావరకు ఎయిర్ బాక్సే. అంత ఇరుకు బండిలో కూడా కంపెనీలు దానికే చోటిచ్చాయి. బైకు వాళ్లకు నా మాట ఇదే. ఆ పెట్టె పీకి ట్రంపెట్‌కో పాడ్ ఫిల్టర్ తొడగకండి.

పెట్టె తర్వాత వైశాల్యం. అందులో పట్టేంత పెద్ద ఫిల్టర్ వేయండి. పెద్దదైతే గాలి మెల్లగా దాటుతుంది, అడ్డం తగ్గుతుంది, దుమ్ము పట్టినా ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఫోమా, కాటనా, పేపరా అన్నది ఆ తర్వాతి మాట. ఐఎస్ఓ 5011 పరీక్షలో వచ్చిన రెండు అంకెలు అమ్మేవాళ్లను అడగండి. ఎంత శాతం దుమ్ము ఆపింది, ఎంత గాలి దగ్గర ఎంత పీడనం మింగింది. ఒకటి 97 శాతం, ఇంకొకటి 99 శాతం ఆపితే తేడా రెండే కదా అనుకోవద్దు. లోపలికి వెళ్లే దుమ్ము మొదటిదాంట్లో మూడింతలు.

బిగించాక రెండు పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. పారదర్శకమైన సన్నటి గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు బిగించి, సగం వరకు రంగు నీళ్లు పోయండి. ఒక కొసను పెట్టె లోపల ఫిల్టర్ దాటిన చోటికి కలపండి, రెండోది బయటి గాలికి వదలండి. నీళ్లు ఎగిరెగిరి పడకుండా గొట్టాన్ని ఒకచోట కాస్త నొక్కి బిగించండి. డైనో మీద ఫుల్ థ్రాటిల్‌లో రెండు వైపుల నీటిమట్టాల తేడా కొలవండి. 100 మిల్లీమీటర్లంటే సుమారు ఒక కిలోపాస్కల్, అంటే ఒక శాతం గాలి. కొత్తలోని అంకె రాసిపెట్టుకోండి. అది రెట్టింపయిన రోజు ఫిల్టర్ కడగండి.

రెండోది గ్రీజు పరీక్ష. పెట్టె లోపల శుభ్రంగా ఉండే వైపు, ట్రంపెట్ల పక్క గోడ మీద, గ్రీజు పలచగా పూయండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వేలితో తీసి, బొటనవేలితో నలపండి. మెత్తగా జారితే మంచిది. గరగరలాడితే దుమ్ము దాటుతోంది. అప్పుడు ఫిల్టర్‌ను తిట్టే ముందు పెట్టె బ్యాక్‌ప్లేటు అంచు, గ్యాస్కెట్, సెన్సర్ వైరు దూరిన కన్నం చూడండి. వెంట్రుక మందం సందు ఉన్నా 99 శాతం బట్ట వల్ల ప్రయోజనం లేదు.

పెట్టె, వైశాల్యం, బట్ట, సీలు, ఆ తర్వాత ట్యూనింగ్. ఈ వరుస తప్పకండి. ఇంకా పవర్ కావాలనిపిస్తే ట్రంపెట్ ముందు చోటు పెంచండి, గొట్టంలోకి చల్లగాలి తెండి. ఫిల్టర్ జోలికి మాత్రం వెళ్లకండి.